హాజరుపట్టీలో లేని పిల్లలకు వండిన బాబాయ్

మోపిదేవి సెంటర్లో టీ తాగుతుంటే బందరు నుంచి వచ్చిన బస్సు ఆగింది. కండక్టరు ఫుట్‌బోర్డు మీద నుంచే, "మీ వంట బాబాయ్ పోయాడంటయ్యా. నిన్న సాయంత్రం. గుండె ఆగిపోయిందంట" అన్నాడు.

నేను నమ్మలేదు. ఈ కండక్టరు అత్తగారికి ఒకసారి పక్షవాతం తెప్పించింది నేనే, బస్సులో పదిమంది ఎదుట, ఒట్టి నోటితో. పాపం, డ్యూటీ దిగీ దిగగానే ఇంటికి పరిగెత్తాడు. ఆవిడ ఎండలో కూర్చుని వడియాలు పెట్టుకుంటోంది. ఇవాళ దానికి బదులు తీర్చుకుంటున్నాడనుకుని, "నీకు చేతకాదురా, అబద్ధం చెప్పేటప్పుడు మొహం అలా పెట్టకూడదు" అన్నాను. అతను విజిల్ వెయ్యడం కూడా మర్చిపోయి నన్నే చూస్తూ నిలబడ్డాడు. గ్లాసు కింద పెట్టేశాను.

పోయినాయన మాకు చుట్టం కాదు. మా ఊరివాడూ కాదు. బందరులో పెళ్ళిళ్ళకీ విందులకీ వండే సాయిబు గారు. ఉప్పెన వచ్చి వెళ్ళిన మూడో వారంలో, దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉండే మా ఊరికి రెండు డేగిసాలు, ఒక పొడుగాటి తెడ్డు ఎడ్లబండి మీద వేసుకుని దిగాడు. ఒక సేవాసంస్థ వాళ్ళు బడిపిల్లలకి మధ్యాహ్నం తిండి పెట్టాలని గోధుమ నూక, పాలపొడి, నూనె డబ్బాలు పంపుతున్నారు. వండే దిక్కు లేదు. ఊళ్ళో ఆడవాళ్ళు సగంమంది పోయారు, మిగిలినవాళ్ళకి చేతులాడటం లేదు. ఎవరో చెప్తే ఆయన వారం రోజులకని వచ్చాడు. ఏడాదిన్నర ఉన్నాడు.

నా అద్దె సైకిళ్ళ కొట్టు ఉప్పెనలో పోయింది. పదకొండు సైకిళ్ళలో ఒకటి తాటిచెట్టు మట్టల్లో ఇరుక్కుని కనిపించింది, అంతే. పని లేదు గనక ఆయనకి నీళ్ళు మోయడానికి, గాడిపొయ్యిలోకి కట్టెలు ఎగదోయడానికి చేరాను. బడికి పైకప్పు లేదు, టార్పాలిన్ ఉంది. దాని పక్కనే నేలలో పొడుగ్గా గాడి తవ్వి పొయ్యి పెట్టాం.

మొదటిరోజు గోధుమ నూక ఉప్మా పిల్లలు ముట్టలేదు. అన్నం తప్ప వేరే ఎరగని నోళ్ళు. "ఇది కోళ్ళకి వేసేది తాతా" అంది ఒక పిల్ల. ఆయన కోపగించుకోలేదు. "అయితే మీ ఊరి కోళ్ళకి మంచి రుచి తెలుసన్నమాట" అన్నాడు. మర్నాడు అదే నూకకి చింతపండు పులుసు పట్టించి, పసుపు వేసి, వేరుశెనగ గుళ్ళు వేయించి కలిపాడు. పులిహోర వాసనకి పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరస కట్టేశారు.

వడ్డించేటప్పుడు ఆ వయసులో ఒక్కొక్క పిల్ల ముందూ గొంతుక్కూర్చునేవాడు. "చాలా?" అని ఎప్పుడూ అడగలేదు, "ఇంకెంత?" అనే అడిగేవాడు. ఎందుకలా అంటే, "చాలా అని అడిగితే ఈ పిల్లలు చాలు అనేస్తారయ్యా. ఉప్పెన చూసినవాళ్ళు. ఇంకెంత అంటే నోరు తెరుస్తారు" అన్నాడు. అప్పటినుంచి నేనూ అలాగే అడగడం నేర్చుకున్నాను.

ఆయన్ని ఏడిపించాలని నేను చెయ్యని ప్రయత్నం లేదు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన తలగుడ్డ తీసి పక్కన పెట్టి కునుకు తీస్తుంటే అందులో ఒక ఎండ్రకాయని చుట్టిపెట్టాను. ఊరంతా చుట్టూ చేరి చూస్తోంది. ఆయన లేచి గుడ్డ విప్పాడు, ఎండ్రకాయని నడుం దగ్గర పట్టుకుని ఎత్తాడు, దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"నేను తిననులే గానీ, పిల్లలు తింటారు. ఒక్కటైతే ఎవరికని పెట్టను తమ్ముడూ? బుట్టెడు పట్టుకురా."

చచ్చినట్టు పొద్దుగూకేదాకా బురదలో ఎండ్రకాయలు పట్టాను. మర్నాడు పిల్లలు పులుసు జుర్రుకుంటుంటే, వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని కూర్చున్నవాణ్ణి నేనే. ఆ రోజునుంచే ఆయన్ని బాబాయ్ అన్నాను.

ఇప్పుడు నేను చేసిన అసలు వెధవపని చెప్పాలి. చెప్పకపోతే ఆయన ఎలాంటివాడో మీకు తెలియదు.

సంస్థ వాళ్ళు తిండి సరుకు బడి హాజరుపట్టీ చూసి పంపేవాళ్ళు. పట్టీలో పాతిక పైచిలుకు పేర్లు ఉప్పెనలో పోయిన పిల్లలవి. హెడ్మాస్టరు గారికి ఆ పేర్లు కొట్టేయడానికి చెయ్యి రాలేదు. మోసం చెయ్యాలని కాదు, చెయ్యి రాలేదు, అంతే. ఆ పేర్ల మీద వచ్చిన నూక ఊళ్ళో బడికి రాని చంటిపిల్లలు తినేవాళ్ళు. నాలుగేళ్ళు నిండనివాళ్ళు, అమ్మ లేనివాళ్ళు, అన్నల అక్కల వెనకాల పళ్ళేలు ఈడ్చుకుంటూ వచ్చేవాళ్ళు. రోజుకి వాళ్ళకి కడుపునిండా దొరికేది ఆ ఒక్కపూటే.

అలా నాలుగు నెలలు గడిచాక కబురొచ్చింది. సంస్థ ఆఫీసరు గురువారం వస్తాడు, తనే పట్టీ పిలిచి తలలు లెక్కపెడతాడు.

ఇది నాకు పండగలాంటి పని. "మీరు బెంగపెట్టుకోకండి, పట్టీ ఇలా ఇవ్వండి" అన్నాను. హెడ్మాస్టరు గారు దాన్ని బల్లమీద పెట్టి, మొహం అటు తిప్పుకున్నారు. బుధవారం చంటిపిల్లలందర్నీ గోడ వెనక కూర్చోబెట్టి ఒక్కొక్కళ్ళకి ఒక్కొక్క పేరు పంచాను. "రేపు జీపులో కళ్ళజోడు మావయ్య వస్తాడు. ఈ పేరు పిలవగానే నోట్లో వేలు తీసి, ఉన్నానండీ అనాలి. వేలు తీయకుండా అంటే బువ్వ లేదు." పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. నేనూ నవ్వుతున్నాను. ఆట బాగా కుదిరింది.

ఒక పేరు పిలిచాను. ఆ పేరు ఇక్కడ రాయను. మూడున్నరేళ్ళ పిల్ల లేచి నిలబడి గొంతెత్తి, "ఉన్నానండీ!" అంది.

పొయ్యి దగ్గర ఉల్లిపాయలు తరుగుతూ ఉన్న, వంటలో సాయానికొచ్చే ఒకావిడ కత్తిపీట మీదనుంచి లేచింది. ఆ పేరు ఆవిడ కూతురిది. ఉప్పెన రోజు చెయ్యి జారిపోయిన కూతురిది. ఆవిడ అక్కడ ఉందన్న సంగతి నాకు తెలుసు. ఆట మీద ధ్యాసలో అది నా బుర్రకెక్కలేదు.

తిట్టలేదు, ఏడవలేదు. తడిచేతులతో నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఇంకోసారి పిలువు" అంది.

పిలవగానే పలుకుతానని ఆ చంటిది వేలు తీసి సిద్ధంగా ఉంది. నా నోరు నలభై ఏళ్ళలో ఎప్పుడూ ఆగింది లేదు. అప్పుడు ఆగింది.

బాబాయ్ వచ్చాడు. బూడిద అంటిన చేత్తో నా ఒళ్ళోని పట్టీ మూసేశాడు.

"వద్దమ్మా. ఆ పేరు నీ బిడ్డది. బువ్వ కోసం ఇంకొకళ్ళకి ఇవ్వం" అన్నాడు.

"మరి ఈళ్ళకి బువ్వెలా బాబాయ్ గారూ?" అంది ఆవిడ పిల్లల్ని చూపించి. సొంత కూతురి పేరు పోయినా ఫరవాలేదు, ఆ పిల్లలు తినాలి అన్నట్టే అడిగింది.

"అది వంటవాడి సంగతి. నువ్వు ఉల్లిపాయలు తరుగు" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

గురువారం జీపు ఆగీ ఆగకముందే ఆయన ఎదురెళ్ళి నిలబడ్డాడు. ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్తుడు. "ఎంతమందికి వండుతున్నారండీ?" అన్నాడు.

"పట్టీలో ఉన్నవాళ్ళల్లో పాతికమందికి పైగా పిల్లలు ఇప్పుడు లేరండీ. సముద్రం తీసుకుపోయింది. వాళ్ళ వంతు ఇదిగో, ఈ చంటిపిల్లలు తింటున్నారు. దీన్ని దొంగతనమంటే దొంగతనమే. వండిపెట్టినవాణ్ణి నేను. మాస్టారు గారిదేం లేదు."

ఆఫీసరు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "పట్టీ సరిచెయ్యక తప్పదండీ మాస్టారూ" అన్నాడు మెల్లిగా. హెడ్మాస్టరు గారు ఎర్రసిరా కలం తీశారు. అప్పుడు బాబాయ్, "ఊరికే గీత పెట్టకండి. పైకి చదివి పెట్టండి" అని, పొయ్యిలో మండుతున్న కట్టెలు ఒక్కొక్కటే వెనక్కి లాగేశాడు, చిటపటలు వినపడకుండా.

మాస్టారు చదువుతుంటే ఊరు లేచి నిలబడింది. ఆవిడ కూతురి పేరు వచ్చింది. ఈసారి ఎవరూ పలకలేదు. ఆవిడ రెండుచేతులూ నెత్తిన పెట్టుకుని కూలబడి ఏడ్చింది. ఉప్పెన తర్వాత ఆవిడ ఏడవగా మేము చూడటం అదే మొదలు. ఆఖరి పేరు అయ్యేదాకా ఆయన తలగుడ్డ సర్దుకుని నిటారుగా నిలబడే ఉన్నాడు. అయ్యాక, "పొయ్యి ఎగదొయ్యి తమ్ముడూ, పిల్లలు కూర్చున్నారు" అన్నాడు.

ఆ నెలనుంచి సరుకు తగ్గింది. బడికి రాని పిల్లలకి పెట్టే వీలు తన చేతిలో లేదని ఆఫీసరు బాధపడుతూనే చెప్పి వెళ్ళాడు.

బాబాయ్ ఊరుకోలేదు. వారానికొకసారి వంట అయ్యాక నన్ను వెంటేసుకుని బస్సెక్కేవాడు. బందరు, గుడివాడ, ఉయ్యూరు, ఎక్కడెక్కడ తను పెళ్ళివంట చేశాడో ఆ గుమ్మాలన్నీ ఎక్కాడు. గుడివాడలో ఒక రైస్‌మిల్లు ఆసామి ఇంటికి వెళ్ళాం.

"ఏం సాయిబూ, దారి తప్పావా?" అన్నాడాయన పడకకుర్చీలోంచి.

"మీ అమ్మాయిగారి పెళ్ళికి నేనే వండానండీ. ఆ రోజు ఏమన్నా తక్కువైందేమో చెప్పండి."

"తక్కువా? వెయ్యిమంది తిన్నాక కూడా మిగిలింది గదయ్యా!"

"ఇప్పుడు నాకు తక్కువైందండీ. మీ మిల్లులో బియ్యం నూక ఉంటే ఇప్పించండి."

సంగతంతా విన్నాక ఆసామి, "ఉప్పెన వచ్చి ఇన్నాళ్ళయింది, ఇంకానా?" అన్నాడు.

"ఆకలికి ఆ లెక్క తెలియదండీ. రోజూ పొద్దున్నే కొత్తగా వస్తుంది."

ఆసామి గుమాస్తాని కేకేసి రెండు బస్తాలు కట్టించాడు. "మళ్ళీ ఇలా రాకు. మోపిదేవి బస్సు మీద నేనే పడేయిస్తా" అన్నాడు. పడేయించాడు కూడా, వారం తప్పకుండా. అలాంటి ఇళ్ళు ఆయనకి ఎన్ని ఉన్నాయో! బందరులో బట్టలకి రంగులద్దే సాయిబులు కందిపప్పు ఇచ్చారు. ఇత్తడి సామాను కొట్టాయన నూక కాచుకోమని ఒక చిన్న డేగిసా ఇచ్చాడు. ఇంతా చేసి, ఆ పెళ్ళిళ్ళ రోజుల్లో బందరులో ఆయన కోసం మనుషులు తిరుగుతుంటే, ఆయన మా ఊళ్ళో ముక్కు కారే పిల్లలకి పప్పు నూకన్నం కలుపుతున్నాడు.

రంజాన్ వచ్చింది. మంచినీళ్ళు కూడా ముట్టకుండా, మండే పొయ్యి ముందు మిట్టమధ్యాహ్నం దాకా నిలబడి వండేవాడు. ఉప్పు చూడడు, అయినా ఏ రోజూ తేడా రాలేదు. నాకు మళ్ళీ దురద పుట్టి, "బాబాయ్, ఇవాళ ఉప్పు పూర్తిగా మర్చిపోయావు, ఒక్కసారి నాలుక మీద వేసుకుని చూడు" అన్నాను. ఆయన నావైపు తిరగనైనా తిరగలేదు. ఒక చంటిదాన్ని పిలిచి చేతిలో ఒక ముద్ద పెట్టాడు. అది నాకింది. "బాగుంది" అంది. "నా నాలుక ఇదే" అన్నాడు. నేను వెళ్ళి నీళ్ళు తోడుకొచ్చాను.

ఎండాకాలం సెలవులకి బందరు వెళ్ళినాయన బడి తెరిచాక తిరిగి రాలేదు, ఆయాసమని కబురు పంపాడు. పొయ్యి ఆవిడ చేతికి వచ్చింది, ఆ కూతురు పోయిన ఆవిడ చేతికి. నూక మాత్రం ఆగలేదు. మంచంలో ఉండి కూడా ఎవరో ఒకరి చేత బస్సు మీద వేయించేవాడు.

కండక్టరు చెప్పిన కబురు మోసుకుని నేను ఊరికి సైకిలు తొక్కాను. ఆవిడ ఎసరు పెడుతోంది. చెప్పాను. తెడ్డు పట్టుకుని కదలకుండా నిలబడింది.

"పద, పన్నెండు గంటల బస్సుంది" అన్నాను.

"పిల్లలకి పెట్టాకే" అంది. "ఈళ్ళని పస్తుంచి ఎల్తే అక్కడ ఏ మొహంతో నిలబడతాం?"

అందరికీ పెట్టింది. "ఇంకెంత?" అని ఒక్కొక్కళ్ళనీ అడిగే పెట్టింది. తర్వాత చిన్న డేగిసాలో ఉన్న పప్పు నూకన్నానికి మూతపెట్టి, గుడ్డ కట్టి, నెత్తికెత్తుకుంది. నన్ను ముట్టుకోనివ్వలేదు. మోపిదేవి దాకా బండి, అక్కణ్ణించి బందరు బస్సు. కండక్టరు మాకు సీటిచ్చి తను నిలబడ్డాడు.

మేము వెళ్ళేసరికి ఖననం అయిపోయింది. చావింట్లో పొయ్యి వెలిగించరు గదా, ఇరుగుపొరుగు తెచ్చిన గిన్నెలు వరసగా ఉన్నాయి, ఏ మూతా తీసిన జాడ లేదు. ఆయన భార్య గోడకి ఆనుకుని కూర్చుంది. నిన్నటినుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదని కోడలు చెప్పింది.

నాతో వచ్చిన ఆవిడ వెళ్ళి ఎదురుగా నేలమీద కూర్చుంది. ఏడుపూ లేదు, ఓదార్పూ లేదు. డేగిసా గుడ్డ విప్పి, మూత తీసి నా చేతికిచ్చింది. పళ్ళెంలో పెట్టి ముందుకి జరిపింది.

"పిల్లలు తిన్నారా?" అంది పెద్దావిడ.

"తిన్నారమ్మా. అందరూ తిన్నారు."

"నువ్వో?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. పెద్దావిడ పళ్ళేన్ని ఇద్దరి మధ్యకీ లాగింది. రెండు చేతులు, గాజులు లేనిది ఒకటి, బూడిద మరకలు పోనిది ఒకటి, ఒకే పళ్ళెంలో మెల్లిగా కదలడం మొదలుపెట్టాయి. నేను గుమ్మంలో మూత పట్టుకుని నిలబడ్డాను. దాని లోపలి ఆవిరిబొట్లు ఇంకా వెచ్చగా, ఒక్కొక్కటే నా పాదాల మీద పడుతున్నాయి.