తల ఊపడం నేనే నేర్పాను

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు. కోట టౌన్లో నేను జాకెట్లు కుట్టే కొట్టుకి వచ్చే ఆడవాళ్ళు కూడా ముందు నా మొహం చూసి, ఆ తరువాతే కొలత జాకెట్టు సంచీలోంచి తీస్తారు. మా తమ్ముడి విషయంలో మాత్రం నేను కనపడిన వాళ్ళందరి మీదా అరిచి, చివరికి తప్పు నాదేనని తెలుసుకున్నాను. అది ఒప్పుకోవడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

తమ్ముడికి పుట్టినప్పటి నుంచీ చెవులు వినపడవు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. మాది కోటకి తూర్పున, సముద్రం ఒడ్డున చేపలు పట్టి బతికే ఊరు. అక్కడ ఎదురైన మనిషిని పలకరించకుండా పోతే తప్పు. "ఏందబ్బయా, తిన్నావా?" అని పెద్దాయన అడిగినప్పుడు బదులు చెప్పని పిల్లాడికి పొగరుబోతు అన్న పేరైనా వస్తుంది, చెవిటోడు అన్న పేరైనా వస్తుంది. మా అమ్మకి రెండో పేరంటే చచ్చేంత భయం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని ఎవరైనా మాటవరసకి సామెత వాడినా, మమ్మల్నే అన్నారని చేపల గంప దించి తగాదాకి దిగేది.

అందుకని వాడికి ఆరేళ్ళప్పుడు నేనొక విద్య నేర్పాను. ఎదుటి మనిషి మొహం చూడాలి. వాళ్ళు నవ్వితే నవ్వాలి. వాళ్ళ కనుబొమలు పైకి లేస్తే ఏదో అడుగుతున్నారన్నమాట, అప్పుడు రెండుసార్లు తల ఊపాలి. అరుగు మీద కూర్చోబెట్టి, నేనే అత్తలాగా, మామలాగా, చీటీల ఆమెలాగా నటించి మరీ నేర్పాను. సరిగ్గా ఊపితే బెల్లం ముక్క, లేకపోతే తొడపాశం. ఆరు నెలలు తిరిగేసరికి మా తమ్ముడంత మర్యాదస్తుడు ఊళ్ళో లేడని పేరొచ్చింది. వాడికి వినపడదని తెలిసినవాళ్ళు కూడా, కొంచెం వినపడుతుందిలే అనుకోవడం మొదలుపెట్టారు. నేను గొప్పగా ఫీలయ్యాను.

చిక్కులు రాకపోలేదు. ఒకసారి ఒడ్డున చేపల వేలం జరుగుతుంటే మధ్యలో నిలబడి తల ఊపాడు. పాడిన పాట పాటే కాబట్టి, ఎవరూ ముట్టని సన్న చేపల కుప్ప మా నెత్తిన పడింది. వారం రోజులు ఇంటి ముందు కాలు పెట్టే చోటు లేకుండా ఎండబెట్టుకున్నాం. దానికి నవ్వుకున్నామే గానీ ఆలోచించలేదు.

వాడికి పద్దెనిమిదేళ్ళు రాగానే మా మేనమామ తన పడవలోకి తీసుకున్నాడు. కొన్ని నెలలు బాగానే సాగింది. ఒకరోజు వల లాగేటప్పుడు మామ తాడు గట్టిగా పట్టుకోమన్నాడు. వీడు రెండుసార్లు తల ఊపి, తాడు వదిలేసి పడవ ముందుకి పోయాడు. తాడు జారి మామ అరచెయ్యి చీరుకుపోయింది. మామ వాడిని ఒక్క మాట అనలేదు. గుడ్డ చుట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మా అమ్మతో చెప్పాడు.

"అక్కా, వాడు నా బిడ్డ లాంటోడే. కానీ నీళ్ళ మీద వాడు తల ఊపితే నాకు భయమేస్తా ఉండాది."

ఆ తరువాత ఏ పడవవాళ్ళూ వాడిని పిలవలేదు. ఏడాదిన్నర ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున లేచి ఒడ్డుకి పోయి పడవలు వెళ్ళేది చూసి, తిరిగొచ్చి గోడకి ఆనుకుని కూర్చునేవాడు. ఎవరైనా గుమ్మంలోకి వస్తే నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. వాడి మీద కాదు, ఎవరి మీదో తెలిసేది కాదు.

అప్పుడు నా కొట్టుకి వచ్చే ఒకామె చెప్పింది. వాళ్ళ పాపకి కూడా వినపడదట. "నెల్లూరులో చెవిటివాళ్ళే నడిపే సంఘం ఒకటి ఉండాది. హాస్టల్లో పెట్టుకోని సైగల భాష నేర్పతారు, చేతిపని నేర్పతారు. పనిలో కూడా వాళ్ళే పెడతారు. పోయి అడుగు."

ఫోన్ చేశాను. ఆ విడతలో ఒక్క సీటే మిగిలి ఉందన్నారు. వినికిడి లోపం ఎంతో రాసిన ప్రభుత్వ సర్టిఫికెట్ కావాలి, తరగతులు మొదలయ్యేలోపు తెచ్చి ఇవ్వాలి. అది లేకపోతే సీటు వేరేవాళ్ళకి పోతుంది. మా దగ్గర ఆ కాగితం లేదు. బిడ్డ చెవిటివాడని కాగితం మీద రాయించడానికి అమ్మ ఎన్నడూ ఒప్పుకోలేదు. ఆ రోజు మాత్రం తానే పెట్టెలోంచి వాడి ఆధార్ కార్డు తీసి ఇచ్చింది.

నెల్లూరు పెద్దాసుపత్రిలో పరీక్ష చేసే గది చిన్నది, మధ్యలో అద్దం. తమ్ముడు అటువైపు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. పరీక్ష చేసే అమ్మాయి ఇటువైపు మిషన్ ముందు కూర్చుంది. చప్పుడు వినపడినప్పుడల్లా వేలెత్తాలని సైగ చేసి చూపించింది. వీడు తల ఊపాడు. కాసేపటికి నవ్వుతూ బయటికొచ్చాడు. కాగితం మీద ఏముందని అడిగితే, లోపం కొంచెమేనని, సర్టిఫికెట్ రావడానికి అది చాలదని చెప్పింది.

నా నోరు సంగతి తెలుసు కదా. వరండాలో మందుల కోసం నిలబడినవాళ్ళు కూడా లైను వదిలి చూడటానికి వచ్చారు. ఆ అమ్మాయి మాత్రం గొంతు పెంచలేదు. "నేను చప్పుడు వినిపించినప్పుడల్లా వేలెత్తినాడు మేడం. నేనేం చేసేది?" అంది.

అదే కోపంతో తమ్ముడినీ అమ్మనీ వెంటబెట్టుకుని సంఘానికి పోయాను, ఆ అమ్మాయి మీద ఫిర్యాదు చేయడానికి. మందుల షాపు పైన రెండు గదులు. తలుపు పక్కన బెల్లు నొక్కాను. చప్పుడు లేదు. పాడైపోయిందనుకుని మళ్ళీ నొక్కాను, ఊపిరి తిప్పుకోకుండా పదిసార్లు నొక్కాను. తలుపు తెరిస్తే లోపల పదిహేను మంది నావైపే చూస్తున్నారు. వాళ్ళ గోడ మీద బల్బు ఉంది. బెల్లు నొక్కితే అది వెలుగుతుంది. నా కోపం అంతా వాళ్ళ కళ్ళలో టపటపా కొట్టిందన్నమాట.

సంఘం కార్యదర్శికి యాభై ఏళ్ళుంటాయి. ఆయనకీ వినపడదు. ఆయన సైగలని మాటల్లో చెప్పడానికి ఒకామె ఉంది. ఆమె అమ్మానాన్నలిద్దరూ చెవిటివాళ్ళు, నడక కంటే ముందు సైగలొచ్చాయట. నేను జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆమె చేతులు నాకంటే వేగంగా కదిలాయి. ఆయన నన్ను వదిలేసి తమ్ముడి వైపు తిరిగాడు. చేతులతో ఏదో అడిగాడు. తమ్ముడు నవ్వి రెండుసార్లు తల ఊపాడు. ఇంకేదో అడిగాడు. మళ్ళీ ఊపాడు. గదిలో వాళ్ళు నవ్వారు.

"ఏమడిగినాడాయన?" అన్నాను.

ఆమె కాస్త మొహమాటపడింది. "నీకు ముగ్గురు పెళ్ళాలా అని అడిగినారు. తరవాత, పొద్దున నెల్లూరికి ఈదుకుంటా వచ్చినావా అని."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. లేచి తమ్ముడి చెయ్యి పట్టుకున్నాను, ఇంటికి పోదామని. ఆయన అడ్డం వచ్చి నిలబడ్డాడు. ఆయన మొహంలో నవ్వు లేదు. నెమ్మదిగా చేతులు కదిపాడు, ఆమె చెప్పింది.

"తల ఊపడం ఈ అబ్బయ్యకి ఎవరు నేర్పినారు అని అడగతా ఉండారు. ఆయనకి వాళ్ళ అవ్వ నేర్పిందంట. గంగిరెద్దు మాదిరి తల ఊపతా ఊపతా పెద్దోడైనాడంట. మానుకోవడానికి ఇరవై ఏళ్ళు పట్టిందంట."

అమ్మ నావైపు చూసి తల దించుకుంది. అది చాలు, ఆయనకి అర్థమైపోయింది.

ఆయన ఒక కుర్చీలో కూర్చుని పరీక్ష చేసే అమ్మాయిలా నటించాడు. మీట నొక్కేటప్పుడు భుజం కొంచెం కదులుతుంది. నొక్కాక కళ్ళెత్తి అద్దంలోంచి చూస్తుంది. ఆ కళ్ళు ఎత్తగానే మావాడు వేలెత్తి ఉంటాడు. చప్పుడు విని కాదు, ఆమె బదులు కోసం చూస్తోందని తెలిసి. నేను బెల్లం పెట్టి నేర్పింది అదే కదా. ఆ పిల్ల తప్పేమీ లేదు. మావాడు పరీక్షలో కూడా మర్యాదగానే ఉన్నాడు. అందరి ముందూ ఏడవడం నాకు అలవాటు లేదు గానీ ఆ రోజు ఏడ్చాను.

సంఘంవాళ్ళే మళ్ళీ పరీక్షకి దరఖాస్తు రాసి పెట్టారు. తేదీ ఇచ్చారు, సరిగ్గా తరగతులకి రెండు రోజుల ముందు. ఈలోపు మూడుసార్లు వాడిని నెల్లూరు తీసుకెళ్ళాను. కార్యదర్శి వాడికి నేర్పింది ఒక్కటే: వినపడకపోతే లేదను, అర్థం కాకపోతే లేదను. చెయ్యి తిప్పి తల అడ్డంగా ఆడించాలి. అంతే. వాడి వల్ల కాలేదు. మెడ నిలువుగా తప్ప అడ్డంగా తిరిగేది కాదు. బస్సులో పక్కన కూర్చుని నేను అడ్డంగా తల ఊపి చూపిస్తుంటే, కండక్టరు నాకేదో అయిందనుకున్నాడు.

పరీక్ష రోజు సైగలు చెప్పే ఆమె కూడా మాతో వచ్చింది. పరీక్ష చేసేది అదే అమ్మాయి. ఆమెకి అంతా వివరించగానే, తానే లేచి కుర్చీ గోడ వైపు తిప్పింది. తమ్ముడికి ఇప్పుడు ఎవరి మొహమూ కనపడదు. అద్దంలోంచి మాకు వాడి వీపు, చేతులు మాత్రం కనపడుతున్నాయి.

తోబుట్టువుకి వినపడాలని మొక్కుకునేవాళ్ళు ఉంటారు. నేను వినపడకూడదని మొక్కుకున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. చప్పుళ్ళు పోతున్నట్టున్నాయి, వాడు కదలడం లేదు. ఒకసారి కుడి చూపుడువేలు మెల్లగా లేచింది. అది సగంలో ఆగింది. వాడు ఆ చెయ్యిని తొడ కిందకి తోసి, దాని మీద కూర్చున్నాడు. పరీక్ష అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు.

అమ్మాయి కాగితం తెచ్చింది. "సరిపోతుందమ్మా. రేపే సర్టిఫికెట్ వస్తుంది," అంది.

"మొన్న నోరు పారేసుకున్నాను. మనసులో పెట్టుకోవద్దు," అన్నాను.

"రోజూ ఎవరో ఒకరు అరస్తానే ఉంటారులే అక్కా," అంది నవ్వుతూ.

బిడ్డకి చెవులు వినపడవని రాసిన ఆ కాగితాన్ని మా అమ్మ రెండు కళ్ళకీ అద్దుకుంది. ఇరవై ఏళ్ళు దాచిన సంగతి నలుగురికీ తెలిసిపోయింది, ఆమె నెత్తి మీంచి గంప దిగినట్టే ఉంది. ఇంటికొచ్చి, ఇంత అన్నం తిని, పట్టపగలు చాప వేసుకుని నిద్రపోయింది. అమ్మ పగలు నిద్రపోవడం అంతకుముందు నేను చూడలేదు. రెండు రోజుల తరువాత తమ్ముడు హాస్టల్లో చేరాడు.

నాలుగు నెలలయ్యాక ఒక ఆదివారం పొద్దున ఇంటివాళ్ళని హాస్టలుకి రమ్మన్నారు. తమ్ముడు చిక్కాడు గానీ మొహం తేటగా ఉంది. చేతులు ఒక్క నిమిషం ఊరుకోవడం లేదు. స్నేహితులని చూపించాడు, తాను కుట్టిన చొక్కా చూపించాడు. కుట్లు నావాటికంటే బాగున్నాయి, అది వేరే విషయం. తరువాత పోయి సైగలు చెప్పే ఆమెని పిలుచుకొచ్చి మా మధ్యలో కూర్చోబెట్టాడు. అమ్మని ఒక మాట అడగాలన్నాడు. చేతులు కదులుతుంటే ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

"నాయన పోయిన రోజు, పొద్దెక్కినాక గడపలో నిలబడి నాకేదో చెప్పినాడు. నాకు అర్థం కాలేదు. తల ఊపి ఒడ్డుకి పోయినాను. తిరిగొచ్చేసరికి ఇంటి ముందర జనం. నాయన నన్ను డాక్టరుని పిలుచుకురమ్మన్నాడా? మందు తెమ్మన్నాడా? నేను తేలేదనే చచ్చిపోయినాడా?"

మా నాన్న పోయి అప్పటికి ఎనిమిదేళ్ళు. గుండెపోటు, క్షణాల్లో అయిపోయింది. అప్పుడు వాడికి పన్నెండేళ్ళు. ఎలా పోయాడో వాడికి చెప్పాలని మాకెవరికీ తోచలేదు. వాడు అడగలేదు. అడగడానికి వాడి దగ్గర ఏముందని?

అమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడింది.

"లేదు నాయనా, లేదు. నేను ఆడనే చేపలకి ఉప్పు పెడతా ఉండాను. నా చెవులతో విన్నాను. అప్పుడు ఆయనకేం లేదు, బాగుండాడు. చెప్పులేసుకోని పో, ఇసక కాలతా ఉండాది అన్నాడు. అంతే."

సైగలు చెప్పే ఆమె దాన్ని చేతులతో చెప్పింది. వాడు నమ్మనట్టు అమ్మ వైపే చూశాడు, మళ్ళీ చెప్పమన్నాడు. అమ్మ ఆమె కోసం ఆగలేదు. వంగి తన కాలు చూపించి, చెప్పు తొడుక్కున్నట్టు చేసి, కిందకి చూపించి, ఆ నేల మండిపోతున్నట్టు హాలు మధ్యలో గెంతింది. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. వాడు ఇంకోసారి అడిగాడు. అమ్మ ఇంకోసారి గెంతింది.

వాడు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు దిగాయి. తరువాత కళ్ళు తుడుచుకుని అమ్మకేసి తిరిగి ఏదో చెప్పాడు. నాకు తెలియలేదు. తెలియలేదని చెప్పి, ఏమన్నాడని సైగలు చెప్పే ఆమెని అడిగాను.

"ఆ రోజు నా కాళ్ళు బాగా కాలినాయి, అంటా ఉండాడు."