సారు కాళ్లు

మా సైన్సు సారు పోయారు. మొన్న ఆదివారం తాండూరు బడిలో ఆయన పదవీ విరమణ సన్మానం జరుగుతుండగా కూలిపోయారు. రైల్లో వికారాబాదు ఆసుపత్రికి చేర్చేసరికి ప్రాణం లేదు. వచ్చినవాళ్లంతా "పుణ్యాత్ముడు, పూలదండతోని పోయిండు" అంటున్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతోంది.

నిజాం పాలన పోయిన మరుసటి ఏడు నేను ఆయన తరగతిలో ఉన్నాను. పుస్తకం ఉర్దూలో ఉండేది, సారు మా మాటల్లో చెప్పేవారు. నల్లబల్ల చాలక నాపరాళ్ల నేలమీదే సుద్దతో నిలువెత్తు మనిషిని గీసేవారు. మేం చుట్టూ కూర్చునేవాళ్లం. సగంమందివి గొర్రెలు కాసే ఇళ్లే.

"గుండెను కొట్టుకోమని నువ్వు చెప్తున్నవారా? తిన్న బుక్కను అరగమంటున్నవా? మనల్ని అడగకుంట నడిపే నరాలు వేరే ఉన్నయి. గవి రెండు జట్లు. వెన్ను నడుమ నుంచి వచ్చేది ఉరికిస్తది. కుక్క ఎంటబడితే గుండె దడదడ, నోరు పిడచ, గదంతా దాని పనే. తలకాయ నుంచి, నడుం కింది నుంచి వచ్చేది నిమ్మళం జేస్తది. మందను ఎనుక నుంచి ఒకడు తోల్తడు, ముంగట ఒకడు ఆపుతడు గదా, గట్ల. ఇద్దరి మీద మెదడు అడుగున ఒక పెద్దమనిషి."

ఒకరోజు ఆయన మేక కన్ను కోసి చూపిస్తుంటే నాకు చెమటలు పట్టి కళ్లు చీకట్లు కమ్మాయి. తెలివొచ్చేసరికి సుద్దమనిషి పక్కనే వెల్లకిలా ఉన్నాను. మట్టికొట్టుకున్న నా కాళ్లు సారు ఒళ్లో ఉన్నాయి. సిగ్గుతో లేవబోతే ఒక్కటేశారు.

"పండుకో! నిమ్మళం జేసే జట్టు జర ఎక్కువ జేసింది, గంతే. గుండె మెల్లగైంది, నెత్తురు కాళ్లల్లకు జారింది. పడుడే దానికి మందు. అందరు యాదుంచుకోర్రి, పడ్డోన్ని లేపకుర్రి, కాళ్లెత్తుర్రి."

సంతలో, బస్సులో, పెళ్లిళ్లలో ఈ మాట చెప్పి చెప్పి ఆయన గొంతు పోయింది. ఎవరు విన్నారు? మా దగ్గర మనిషిని నేలమీద పడుకోబెట్టేది ప్రాణం పోయేటప్పుడే.

మొన్న ఆయన్ని ఎండలో గంటసేపు నిలబెట్టి ఉపన్యాసాలు దంచారు. మెడనిండా దండలు. మొహం పాలిపోయి, చెమటలు కారి, అలాగే ఒరిగిపోయారు. నలుగురు రెక్కలు పట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. వాలిపోతున్న తలను ఒకాయన ఎత్తి పట్టుకున్నాడు.

"నేల మీద పండబెట్టుర్రి" అన్నాను.

సారు పెద్దన్న నామీద లేచాడు. "బతికున్నోన్ని నేల మీద పండబెడ్తవా? నీ నోట్ల మంచి మాట రాదా?"

 ముప్పై ఏళ్లవాణ్ణి, అదే బడిలో అదే పాఠం చెబుతున్నవాణ్ణి, ఛీ, పెద్దాయనకు ఎదురు చెప్పలేక ఊరుకున్నాను. స్టేషను దాకా కుర్చీతోనే మోశారు. రైల్లోనూ కూర్చోబెట్టే తీసుకెళ్లారు.

"గుండెకు ముందే జబ్బుందేమో. పడుకోబెడితే బతికేవారా అంటే చెప్పలేం" అన్నాడు డాక్టరు. కావచ్చు. ఆ చెప్పలేం అన్న మాటే నన్ను తినేస్తోంది.

ఆ సాయంత్రం సారు ఇంట్లో నాపరాళ్ల నేలమీద ఆయన్ని పడుకోబెట్టారు. ఇప్పుడు ఎవరికీ అభ్యంతరం లేదు. ఒక్కొక్కరే వచ్చి పాదాలకు మొక్కి వెళ్తున్నారు. నా వంతు వచ్చినప్పుడు కూర్చుని, చల్లబడిన ఆ రెండు కాళ్లూ ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాను. పెద్దన్న చూశాడు. ఈసారి కాస్త జరిగి చోటిచ్చాడు.