కంకరక్క, ఆరు సైకిళ్లు

అందరూ ఆమెను కంకరక్క అనేవారు. అసలు పేరు ఆఫీసు హాజరు పుస్తకంలో ఉంది కానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా వెనక్కి తిరిగి చూసేది కాదు. ఇరవై ఆరేళ్లుగా ఆమె పని ఒక్కటే. కొండ మీది అడవి గేటు నుంచి కింద నది వంతెన దాకా దిగే పంతొమ్మిది కిలోమీటర్ల కంకర రోడ్డును రోడ్డులాగే ఉంచడం.

మిగతా పనివాళ్లు వాన వెలిశాక బయలుదేరేవారు. కంకరక్క వాన పడుతుండగానే పార భుజాన వేసుకుని వెళ్లేది. నీళ్లు ఎక్కడ రోడ్డెక్కుతున్నాయో కళ్లారా చూస్తే తప్ప ఎక్కడ దించాలో తెలియదనేది. పక్కకాలువలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి రోడ్డు అంచును కింద నుంచి పైకి చూసేది. గొంతు నొప్పని వచ్చిన పిల్లాడి నోట్లోకి డాక్టరు చూసినట్టు కల్వర్టులోకి తల దూర్చి చూసేది. మట్టి తీసిన చోటా, పైపు పగిలిన చోటా కల్వర్టు గోడ మీద సున్నంతో ఓ గుర్తు పెట్టుకునేది.

కలప లారీలు ఆగిపోయి ఆరేళ్లయింది. బండి తిరగని రోడ్డుకు మనిషెందుకని ఆఫీసులో గొణుగుడు మొదలై, ఈ ఏడాది ఆ మాట ఖాయమైపోయింది. చలికాలంలోగా ఆ దారిన ఎవరూ తిరగకపోతే పై గేటుకు తాళం పడుతుంది. కంకరక్క తారు రోడ్డు గుంపులో చేరాలి.

"పోనీలే అక్కా, తారు రోడ్డు మీదైతే మాట్లాడ్డానికి మనుషులుంటారు," అన్నాడు ఆమె తమ్ముడు. అతనికి వంతెన పక్కన సైకిలు షాపు ఉంది.

"అదేరా నా భయం," అంది కంకరక్క.

ఆ మాట అన్న పది రోజులకే క్లబ్బు మేడమ్ వచ్చింది. లావు టైర్ల సైకిళ్ల మీద కొండల్లో, అడవుల్లో, తారు లేని దారులు వెతుక్కుంటూ తిరిగే వాళ్ల క్లబ్బు ఆమెది. నూట ఇరవై మంది వచ్చే పెద్ద సవారీకి దారి చూడాలని వచ్చింది. షాపులో గ్రీజు మరకల బల్ల మీద మ్యాపు పరిచింది. కొండ చుట్టూ తిరిగే తారు రోడ్డు లావు గీతలా ఉంది. లోయలోంచి దిగే కంకర రోడ్డు వెంట్రుకలా ఉంది.

"మా వాళ్ల ప్రాణమంతా ఈ సన్న గీత మీదే ఉంది. కానీ లోయలో ఫోన్లు పని చెయ్యవు. దారి అయిదు చోట్ల చీలుతోంది. తప్పు చీలిక పట్టారంటే పాత కలప దారుల్లో పడి సాయంత్రం దాకా తేలరు," అంది మేడమ్.

కంకరక్క షాపు గుమ్మం దగ్గర నిలబడి చెప్పు కొనతో నేల గీస్తోంది. కొత్తవాళ్ల ముందు నోరు విప్పాలంటే ఆమెకు ఎక్కడలేని బెరుకు. తమ్ముడే మోచేత్తో పొడిచాడు.

"గుర్తులు నేను పెడతానండీ," అంది చివరికి.

"పెట్టండక్కా. ఆదివారం ఆరుగురిని పంపిస్తాను. ఈ దారి ఎప్పుడూ చూడని వాళ్లని. ఒక్కటే షరతు, దారి చెప్పడానికి మనిషి ఉండకూడదు. మీ గుర్తులు చూసే వంతెన చేరాలి. తప్పిపోతే మాత్రం ఏమీ అనుకోకండి, సవారీ తారు రోడ్డు మీదుగానే."

నాలుగు రోజులు కంకరక్కకు తిండి మీద ధ్యాస లేదు. ప్రతి చీలికకు ముందూ ఒక కల్వర్టు ఉంది. దాని గోడ కడిగి, ఆరబెట్టి, రెండు పూతలు సున్నం వేసి, దాని మీద ఎర్ర రంగుతో బాణం గీసింది. గీశాక దూరం నుంచీ దగ్గర నుంచీ చూసుకుంది. పెళ్లిచూపులకు తయారుచేసిన పిల్లల్లా ఉన్నాయి అయిదూ.

ఆదివారం పొద్దున్నే మేడమ్ వంతెన దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. కంకరక్క ఇంట్లో ఉండలేకపోయింది. దారి చెప్పకూడదన్నారు కానీ చూడకూడదని అనలేదు కదా అని మనసుకు నచ్చజెప్పుకుని, పనిలో వేసుకునే పసుపు జాకెట్టు తొడుక్కుని, పార పట్టుకుని కొండెక్కింది. మొదటి చీలిక దగ్గర కాలువలో, పొదల చాటున కూర్చుంది. ఎదురుగా ఆమె గీసిన బాణం ఎండలో మెరిసిపోతోంది.

పై నుంచి కంకర నలిగే చప్పుడు వినిపించింది. వచ్చేశారు! ఆమె పొదల్లోంచి మెడ చాచింది. ముందు ఒక గడ్డం మనిషి, చివర ఎర్ర టోపీ అమ్మాయి, మధ్యలో నలుగురు. ఆరు సైకిళ్లూ తూనీగల్లా దూసుకొచ్చి, బాణం వైపు ఒక్క చూపైనా చూడకుండా, నేరుగా తప్పు దారిలోకి దూరాయి.

ఇంత లావు బాణం కనపడలేదా వీళ్లకు? కంకరక్క గబగబా రోడ్డెక్కి, వాళ్లు వచ్చిన వైపు నుంచి కల్వర్టును చూసింది. బోడి గోడ. నాచు పట్టిన రాయి తప్ప ఏమీ లేదు.

అప్పుడు తెలిసింది. గోడకు రెండు ముఖాలు. ఒకటి రోడ్డు వైపు, ఒకటి కాలువ వైపు. ఇరవై ఆరేళ్లుగా ఆమె రోడ్డును చూసిందంతా కాలువలోంచే. దూరం నుంచీ దగ్గర నుంచీ చూసుకున్నదీ కాలువలోంచే. అయిదు బాణాలూ కాలువలో నడిచే వాళ్లకు గీసింది! లోకంలో కాలువలో నడిచే మనిషి ఆమె ఒక్కతే.

"ఓయ్! అటు కాదు! వెనక్కి రండి!"

ఆ కేక తన గొంతులోంచే వచ్చిందంటే ఆమెకే నమ్మకం కలగలేదు. కొండ రెండుసార్లు తిరిగి పలికింది. బ్రేకులు కీచుమన్నాయి. ఆరుగురూ తిరిగొచ్చి, ఆమె చెయ్యి చూపిన వైపు తిరిగి, "థాంక్స్ అక్కా!" అంటూ మాయమైపోయారు.

ఇంకా నాలుగు చీలికలున్నాయి. రోడ్డు మెలికలు తిరుగుతూ మూడు కిలోమీటర్లు పోయి రెండో చీలిక చేరుతుంది. చెట్ల మధ్యగా నిట్టనిలువునా దిగితే అర కిలోమీటరు కూడా ఉండదు. కంకరక్క పారను ఊతకర్రలా పట్టుకుని పరుగు లంకించుకుంది. చెట్ల వేళ్ల మీదుగా, ఎండుటాకుల మీద జారుతూ, కొమ్మలు పట్టుకుని ఊగుతూ దిగింది. యాభయ్యో పడిలో పడ్డ మోకాళ్లు ఇదేం పనమ్మా అని అడిగాయి. వాటికి జవాబు చెప్పే తీరిక లేదు. రోడ్డు మీదికి దూకి, రొప్పు దాచుకుని, పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నదానిలా పార ఆనించి నిలబడింది. అదే క్షణంలో గడ్డం మనిషి మలుపు తిరిగాడు.

"ఎడమకి!" అని చెయ్యి చాపింది. సర్రున ఆరూ ఎడమకి తిరిగాయి.

మూడో చీలికకు ముందు రోడ్డు కాస్త ఎత్తెక్కుతుంది. పెడళ్లు బరువెక్కి వాళ్లు నెమ్మదించారు. ఆ కాస్త వ్యవధిలో ఆమె చెట్టుకు ఆనుకుని నాలుగు గుక్కల గాలి పీల్చుకుంది. నాలుగో చోట వాగు దాటబోయి చతికిలపడి నడుం దాకా తడిసింది. అయినా వాళ్లకంటే ముందే ఉంది. ఎందుకో నవ్వొచ్చింది. కలప లారీల కాలం పోయాక ఈ లోయలో ఇంత హడావిడి లేదు. రోడ్డు నిద్ర లేచినట్టుంది. టైర్ల కింద కంకర కరకరలాడుతూ, వాళ్ల కేకలు ఒక మెలిక నుంచి ఇంకో మెలికకు దూకుతూ ఉంటే, తనే సైకిలెక్కినట్టు ఆమె ఒళ్లు పులకరించింది.

అయిదో చీలిక దగ్గర ఎర్ర టోపీ అమ్మాయి ఆమెను దాటుతూ, "మీరంతా అక్కచెల్లెళ్లా?" అని అరిచి వెళ్లిపోయింది.

ఆమె వంతెన చేరేసరికి ఆరుగురూ నీళ్లు తాగుతూ ఒకళ్ల మాట మీద ఒకళ్లు మాట్లాడుతున్నారు.

"మేడమ్, ఏం దారి! ఆ దిగుడు, ఆ నది పక్క మలుపు! నా జన్మలో ఇలాంటి దారి చూడలేదు," అంటున్నాడు గడ్డం మనిషి. "మీ ఏర్పాటు కూడా అదిరింది. ప్రతి చీలికలో ఒక అక్కని పెట్టారు, అందరికీ ఒకటే రంగు జాకెట్లు."

"నేనెవరినీ పెట్టలేదే," అంది మేడమ్.

అందరూ తిరిగి చూశారు. జడలో ఆకులు, మోచేతుల మీద గీరలు, నడుం దాకా బురద. కంకరక్క వాళ్ల ముందుకొచ్చి నిలబడింది. ఊరుకుంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. గడ్డం మనిషి మేడమ్‌ను ఎలాగైనా ఒప్పించేస్తాడు. దారి నిలుస్తుంది. తర్వాత వచ్చే నూట ఇరవై మంది ఎక్కడ పడతారో?

"నా గుర్తులు చూసి రాలేదమ్మా వీళ్లు. నన్ను చూసి వచ్చారు," అంది. గోడకున్న రెండు ముఖాల సంగతి కూడా దాచకుండా చెప్పింది.

తమ్ముడు తల పట్టుకున్నాడు. "అక్కా, నువ్వు రోడ్డేస్తే రోడ్డు కూడా కాలువలోనే వేస్తావు!"

ఆరుగురూ పడీపడీ నవ్వారు. మేడమ్ మాత్రం నవ్వలేదు.

"అయిదింటికీ మీరొక్కరేనా? పరిగెత్తా?" అని అడిగింది. కంకరక్క తల ఊపింది. మేడమ్ కుర్చీలోంచి లేచింది. "ఇవాళ్టి పరీక్ష చెల్లదక్కా. కానీ దారిలో తప్పేమీ లేదు. వచ్చే ఆదివారం ఇంకో ఆరుగురిని పంపిస్తాను. మీరు మాత్రం ఇక్కడే, నా పక్కనే కూర్చోవాలి. కదిలితే ఒప్పుకోను."

ఆ సాయంత్రమే కంకరక్క తమ్ముడి దగ్గరికెళ్లి, "ఒరేయ్, నన్ను సైకిలెక్కించు," అంది.

"ఈ వయసులో నేర్చుకుంటావా?"

"తొక్కడానికి కాదురా. తొక్కేవాళ్ల కళ్లు ఎక్కడుంటాయో చూడాలి."

అతను హ్యాండిలూ సీటూ పట్టుకుని రొప్పుతూ తోశాడు. ఆమె బిగుసుకుపోయి కూర్చుంది.

"ఎక్కడ చూస్తున్నావక్కా?"

"నా చేతులు!"

"చేతులు ఎక్కడికీ పోవు, రోడ్డు చూడు!"

మూడో రోజుకు భయం పోయి చూపు నిలబడింది. సైకిలు మీది మనిషి గోడలు చూడడు. పదిపదిహేను అడుగుల ముందు నేల చూస్తాడు. మలుపు వస్తోందంటే దాని లోపలి అంచు చూస్తాడు. "ఇదిగో, ఇక్కడ! ఆపు, ఆపు!" అని ఆమె అరవగానే తమ్ముడు ఆపి సున్నం చల్లేవాడు. అలా అయిదు చోట్లా లోపలి అంచున తెల్లరాళ్ల వరస పేర్చి, రోడ్డు మీదే సున్నంతో బాణం గీశారు.

ఆదివారం ఆమె వంతెన గోడ మీద, మేడమ్ పక్కన కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో కుక్కుకుని చెవులు కొండకు అప్పగించింది. చాలాసేపు నది మోత తప్ప ఏమీ లేదు. ఉన్నట్టుండి తల ఎత్తింది.

"రెండోది దాటారు. అక్కడ కంకర పెద్దది, మొరటుగా మోగుతుంది."

మేడమ్‌కు ఏమీ వినపడలేదు. ఇంకాసేపటికి, "మూడోది," అంది ఆమె. తర్వాత ఎంతకీ ఏమీ లేదు. కంకరక్క పెదవి కొరికింది. పాదాలు నేల మీద నిలవడం లేదు. మేడమ్ ఆమె జాకెట్టు కొస పట్టుకుంది.

"వాగులో దిగారమ్మా! నీళ్లు చిమ్ముతున్నారు! నాలుగోది సరిగ్గానే పట్టారు!"

ఆ తర్వాతి చప్పుడు మేడమ్‌కూ వినపడింది. నది పక్క మలుపులోంచి ఒకటి, రెండు, మూడు... కంకరక్క గోడ మీద నిలబడి లెక్కపెట్టింది. ఆరు! ఆరూ వచ్చాయి. ఎవరూ ఎవరినీ దారి అడగలేదు.

మేడమ్ మ్యాపు తీసి ఆ సన్న గీత మీద పెన్నుతో ఒత్తి గీసింది. "రేపే మీ ఆఫీసుకి ఉత్తరం రాస్తాను. నూట ఇరవై మంది, ఈ దారినే."

కంకరక్క ఆ గీతను ఒక్కసారి వేలితో తాకింది. తర్వాత ఆమె చూపు నది పక్క మలుపు మీదికి పోయింది. ఆరుగురూ ఒకేచోట బ్రేకులు నొక్కడంతో కంకరంతా పక్కకు తోసుకుపోయి నేల గాడులు పడింది. ఆరేళ్ల తర్వాత ఆమె రోడ్డుకు వాడి పాడుచేసేవాళ్లు దొరికారు.

"చూడరా, ఎలా కెలికి పెట్టారో!" అని తమ్ముడితో అంటూ, ముఖమంతా నవ్వుతో, పార అందుకుని అటు పరిగెత్తింది.