బ్రేకు తొక్కిన మనిషి మాట

గ్యారేజీవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆ మంట ఊరికే రాలేదు. తొంభైల మధ్యలో సెకండ్ హ్యాండులో ఒక చిన్న తెల్ల కారు కొన్నాం. మొదటిసారి సర్వీసుకి ఇచ్చినప్పుడు, నా అనుమానపు బుద్ధి ఊరుకోక, ఎయిర్ ఫిల్టరు మీద పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి ఇచ్చాను. కొత్త ఫిల్టరు వేశామని చెప్పి సాయంత్రం కారు చేతికిచ్చారు. ఇంటికొచ్చి విప్పి చూస్తే నా గుర్తు నన్ను చూసి నవ్వింది. పైగా కారు లోపలి కప్పు మీద అయిదు వేళ్ళ గ్రీజు ముద్ర ఒకటి. ఇక నా కారు మీద ఇంకొకడి చెయ్యి పడనివ్వనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

బెంగళూరు అవెన్యూ రోడ్డులో ఆదివారం పేవ్‌మెంటు మీద అట్ట చిరిగిన రిపేరు పుస్తకం ఒకటి దొరికింది. జె.సి. రోడ్డులో స్పానర్లు కొన్నాను. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం పొద్దున లుంగీ ఎగ్గట్టి కారు కింద దూరడమే నా పూజ. ఇంజన్ ఆయిల్ మార్చడం, ప్లగ్గులు శుభ్రం చేయడం, బ్యాటరీలో నీళ్ళు పోయడం. గొప్పలు కాదుగానీ ఇవన్నీ బాగానే చేసేవాణ్ణి. వీధిలో వాళ్ళు వచ్చి సలహాలు అడుగుతుంటే నా నెత్తి మీద కిరీటం ఒకటి ఉన్నట్టే ఉండేది.

మాది కె.ఆర్. పురం దగ్గర ఇల్లు. నేను హొసకోటెలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమాస్తాను, మా ఆవిడ అక్కడే బడిలో టీచరు. ఆరేళ్ళపాటు రోజూ ఆమెను ఎడమ సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళి, తీసుకొచ్చాను. ఆమెది అనంతపురం వైపు. ఎక్కువ మాట్లాడదు. మాట్లాడిందంటే మాత్రం రెండోసారి చెప్పించుకోవడం ఆమెకు నచ్చదు. నా ఆదివారాల సంగతి ఆమె ఎన్నడూ పట్టించుకోలేదు, సబ్బు ఎక్కువ ఖర్చవుతోందని అప్పుడప్పుడూ సణగడం తప్ప.

ఒక శనివారం వెనక చక్రం లోపల తడి కనబడింది. బ్రేకు ఆయిల్ కారుతోంది. పుస్తకం తెరిచి, మర్నాడు నేనే లోపలి రబ్బర్లు మార్చేశాను. ఆ తర్వాతి పని గాలి తీయడం. బ్రేకు గొట్టాల్లో గాలి చేరితే బ్రేకు పట్టదు. ఆ గాలి తీయాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు కింద చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేస్తే బుడగలతో కలిసి ఆయిల్ బయటికొస్తుంది. నట్టు మళ్ళీ బిగించాకే పైనున్నవాళ్ళు కాలు తీయాలి. తొక్కడానికి మా ఆవిడను పిలిచాను. పొయ్యి మీద పప్పు దించి వచ్చింది పాపం.

కింద పడుకుని నేను సర్కస్ రింగుమాస్టరులాగా అరుస్తూనే ఉన్నాను. తొక్కు, పట్టుకో, తీయద్దంటే తీస్తావేం, ఇదీ వరస. ఆమె మాత్రం ఒకే మాట చెప్పింది.

"మెత్తగా పోతాండాదండీ."

నీ కాల్లో బలం లేదు, గట్టిగా తొక్కమన్నాను. కాసేపటికి మళ్ళీ అదే మాట చెప్పింది. ఇది బండి, పప్పు గుత్తి కాదన్నాను. ఎంత మాటకారినో చూడండి! మూడోసారి చెప్పేసరికి ఒళ్ళు మండి, లేచి ఆమెను దింపి నేనే కూర్చుని గబగబా నాలుగుసార్లు తొక్కాను. పెడల్ గట్టిపడింది. చూశావా అన్నట్టు చూశాను. ఆమె లోపలికి వెళ్ళి పప్పు మళ్ళీ పొయ్యి మీద పెట్టుకుంది.

మర్నాడు పొద్దున ఓల్డ్ మద్రాసు రోడ్డు మీద మా ముందు వెళ్తున్న లారీ ఒక్కసారిగా ఆగింది. ఆ పొద్దున అదే మొదటిసారి గట్టిగా బ్రేకు తొక్కాను. కాలు నేలదాకా పోయింది, కారు మాత్రం ఆగలేదు. మళ్ళీ తొక్కి, హ్యాండ్ బ్రేకు లాగి, స్టీరింగు ఎడమకు తిప్పేశాను. రోడ్డు పక్కన ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోసుకున్న ఇసుక కుప్పలో దూరి ఆగాం. ఇద్దరికీ గీత కూడా పడలేదు. బతుకు జీవుడా అనుకుని ఆమె వైపు తిరిగాను.

ఆమె ఒళ్ళో ఉన్న టిఫిన్ డబ్బా సరిచేసుకుంది.

"ఇంగ ఈ కారు నేనెక్కను," అని, తలుపు తీసుకుని దిగి, నడిచి బస్టాపుకు వెళ్ళిపోయింది.

అక్కడికి దగ్గర్లో ఉన్నది ఒకే గ్యారేజీ. రేకుల షెడ్డు, బోర్డు కూడా లేదు. వేరే దారి లేక, నా ఒట్టు మింగేసుకుని, కారును ఒక టెంపోకి తాడు కట్టి లాగించుకెళ్ళాను. మెకానిక్ అరవై దాటిన మనిషి, పాత బెంగళూరు తెలుగాయన. నేను పుస్తకం చూసి చేశానని చెబితే ఎగతాళి చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. బానెట్ ఎత్తి బ్రేకు ఆయిల్ డబ్బా చూపించాడు. అడుగంటిపోయి ఉంది. కింద బుడగలు తీస్తున్నానన్న సంబరంలో పైన డబ్బా నింపాలన్నది నేను మరిచాను. నేను కింద తీసినంత గాలీ పైనుంచి మళ్ళీ లోపలికి పోయింది. వరసగా నాలుగుసార్లు తొక్కితే గాలి నొక్కుకుపోయి పెడల్ కాసేపు గట్టిగానే అనిపిస్తుందట. ఆ కాసేపే నేను చూసింది.

డబ్బా నింపి నన్ను సీట్లో కూర్చోబెట్టి ఆయన కిందికి దూరాడు. తొక్కమన్న ప్రతిసారీ "ఎట్లుండాదప్పా?" అని అడిగేవాడు. జవాబు విన్నాకే నట్టు ముట్టేవాడు. మూడో చక్రం దగ్గర నాకు విసుగొచ్చి, ఫర్వాలేదన్నాను. ఆయన కింద నుంచి బయటికొచ్చి కూర్చున్నాడు.

"ఫర్వాలేదంటే కాదప్పా. కిందుండేవానికి ఏమీ తెల్దు. తొక్కే కాలికే తెలిసేది. నిన్న ఎవరు తొక్కినారు?"

మా ఆవిడ అన్నాను.

"ఆయమ్మ ఏం చెప్పింది?"

నాకు తల కొట్టేసినట్టయింది. పెడల్ మళ్ళీ తొక్కి చూసి, ఆమె మూడుసార్లు చెప్పిన మాటే చెప్పాను, మెత్తగా పోతోందని. ఆయన మళ్ళీ కిందికి దూరాడు. నాలుగో చక్రం అయ్యేసరికి పెడల్ రాయిలా నిలబడింది.

కారు బాగైపోయింది. ఎడమ సీటు మాత్రం ఖాళీ. రోజూ ఆమె బస్సులో, నేను ఆ బస్సు వెనకే కారులో. కిటికీ దగ్గర సీటు దొరికిన రోజు ఆమె జడ కనబడేది. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూస్తుందేమోనని హొసకోటె దాకా చూసేవాణ్ణి. ఊహూఁ. ఆమె లేని కారులో నాకు రేడియో పెట్టబుద్ధి కూడా కాలేదు. చెప్పడానికి సిగ్గెందుకు, చాలా బాధ వేసింది.

నాలుగో రోజు సాయంత్రం ఆమె పిల్లల నోటుబుక్కులు దిద్దుకుంటోంది. ఎదురుగా కూర్చుని, నువ్వు చెప్పింది నిజం, నేను చెవిన పెట్టలేదు, తప్పు నాదే అన్నాను. అంత సూటిగా తప్పు ఒప్పుకోవడం మా పెళ్ళయ్యాక అదే మొదలు. ఆమె ఎర్ర పెన్ను ఆపలేదు. రేపు ఎక్కుతావా అని అడిగాను. అప్పుడు తలెత్తింది.

"ఎక్కుతా. బ్రేకు మీద కాలు నాదైతే ఎక్కుతా."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ శనివారమే వెళ్ళి డ్రైవింగ్ స్కూల్లో చేరింది. మూడు నెలలు బస్సులోనే తిరిగింది, మాటంటే మాటే. ఈలోగా నేను నెలకోసారి ఆ రేకుల షెడ్డుకు వెళ్ళి బ్రేకులు చూపించుకునేవాణ్ణి. ఆయిల్, ప్లగ్గులు మాత్రం నావే. ఆ మాట ఆయనతో అంటే, మంచిది చేసుకోప్పా అని టీ తెప్పించాడు. ఆదివారాలు నాకు మిగిలాయి, అది చాలు.

లైసెన్సు వచ్చిన మర్నాడు ఆమె చెయ్యి చాపింది. తాళం చెవి ఇచ్చి, వెళ్ళి ఎడమ సీట్లో కూర్చున్నాను. ఆ సీట్లో నేను ఎన్నడూ కూర్చోలేదు. ఓల్డ్ మద్రాసు రోడ్డు ఎక్కింది, ముందు వెళ్తున్న లారీ ఒకటి ఆగింది. నా చేతికి స్టీరింగు లేదు, కాలి కింద పెడల్ లేదు, ఉన్నదల్లా ఒళ్ళో టిఫిన్ డబ్బా. నా కుడికాలు దానంతటదే ఉత్త నేలను తొక్కింది. ఆమె నెమ్మదిగా, కుదుపన్నది లేకుండా, లారీకి రెండు బారల దూరంలో బండి ఆపింది. ఆరేళ్ళపాటు రోజూ ఈ మనిషి నా పక్కన ఇలాగే కూర్చుందని నాకు అప్పుడు తెలిసింది.