చన్నీళ్లలో కలవని పసుపు

ఆర్మూర్ నుంచి జక్రాన్‌పల్లి పోయే దారిలో ఒక పసుపు పొడి ఫ్యాక్టరీ ఉంది. అందులో నాది పూత గది. కింది నుంచి గాలి కొడితే మిషన్‌లో పొడి పాలపొంగులా లేస్తుంది. దాని మీద కరిగిన మైనం, తినడానికి పనికొచ్చేదే, సన్నటి తుంపరగా పడుతుంది. రేణువు రేణువుకూ కంటికి కనిపించనంత పలుచటి పొర పడుతుంది. ఇక వెలుతురుకు రంగు పోదు, చెమ్మకు ముద్ద కట్టదు. దుమ్ము రాకూడదని తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. రోజంతా నేను మాట్లాడేది ఆ మిషన్‌తోనే, అదీ తిట్లే.

ఇంటికి వచ్చినా అంతే. మా ఆయన పోయి నాలుగేళ్లు. పక్కింటి అక్క ఒక్కతే పిలిచి చాయ్ ఇచ్చేది. తోబుట్టువు కాదు, అంతకన్నా ఎక్కువే అనుకునేదాన్ని.

ఈమధ్య ఆమె బిడ్డకు పెళ్లి కుదిరింది. ఆ పిల్లకు లెక్కలు చెప్పి పదో తరగతి గట్టెక్కించింది నేనే. నలుగు పెట్టడానికి నాలాంటి విధవరాలిని పిలవరని తెలుసు. నా చెయ్యి కాకపోయినా, నేను పూత పట్టిన పసుపైనా ఆ పిల్ల ఒంటికి తాకాలని ఆశపడ్డాను. ఫ్యాక్టరీలో కిలో అడిగి తెచ్చి ముందురోజే ఇచ్చాను. అక్క కళ్లకద్దుకుంది.

వేడినీళ్లతో కలపాలని మాత్రం చెప్పలేదు. రోజూ చేసే పని కదా, లోకమంతటికీ తెలుసనుకున్నాను. తప్పు నాదే, చేసుకున్నవారికి చేసుకున్నంత.

నలుగు నాడు మా మెట్ల మీద నిలబడి వాళ్ల వాకిట్లోకి చూస్తున్నాను. చన్నీళ్లు పోశారు. పసుపు కలవలేదు, పొట్టులా పైన తేలింది. ఒంటికి రాస్తే రాలిపోయింది. పెళ్లికూతురి మేనత్త గిన్నె పక్కకు నెట్టింది.

"గా చెయ్యి తాకిన పసుపు అంటుతదా?"

వేడినీళ్లు పోస్తే పొర కరుగుతుందని మెట్ల మీద నుంచే చెప్పాను. అక్క విన్నది. నా వైపు చూడకుండా దుకాణం పసుపుకు మనిషిని పంపింది.

వాళ్ల అరుగు చివర వదిలేసిన గిన్నె తెచ్చి మా పొయ్యి మీద వెచ్చబెట్టాను. పొర కరిగింది, రంగు నిండుగా వచ్చింది. వేలు ముంచితే గోరు సందుల దాకా పట్టింది. చూపిద్దామని గిన్నె పట్టుకుని పరుగున పోయాను.

అక్క గుమ్మం దగ్గరే ఆపింది.

"ఉండనియ్ చెల్లె," అంది మెల్లగా. "నీ పసుపు మంచిదేనని నాకు ఎరుకే. కానీ గిప్పుడు లోపటికి రాకు."

మా ఆయన పోయిన రోజున కూడా నాకింత ఒంటరితనం తెలియలేదు. ఆ రోజు నా పక్కన అక్క ఉంది.