కొలతల్లేని కోటు

మా బావ దర్జీ. ఎవరినీ నమ్మడు. కొలతలు కాగితం మీద రాసి పంపితే ఆ కాగితాన్ని నమ్మడు, మనిషే రావాలంటాడు. తీరా మనిషి వస్తే, ఊపిరి బిగబట్టి పొట్ట దాస్తున్నాడేమోనని రెండుసార్లు కొలుస్తాడు. కుట్టిన బట్టలు తీసుకెళ్లేటప్పుడు ఎవరైనా నవ్వితే, ఎందుకు నవ్వారో తెలిసేదాకా అతనికి అన్నం సహించదు. ఇంట్లో మేమంతా ఈ సంగతులు చెప్పుకుని కడుపుబ్బ నవ్వుకునేవాళ్లం.

అలాంటి మనిషి దగ్గరికి కొలతల్లేని కోటు పని తీసుకెళ్లింది నేనే.

నేను ఒక సినిమా కంపెనీలో దుస్తుల పని చూస్తాను. మా డైరెక్టరమ్మ ఒక లావుపాటి నవలను సినిమా తీయడానికి పూనుకున్నారు. నాలుగు వందల పేజీల్లో ఒక దేశం, దాన్ని ఏలే ఒక పెద్దాయన. ఆయన ఎవరికీ కనిపించడు. పేరుండదు, మొహం ఉండదు. ఇద్దరు ముసలి గుమాస్తాలు ఒక అధ్యాయమంతా కూర్చుని, అసలాయన ఉన్నాడా, లేకపోతే మనం భయపడుతున్నది ఎవరికి అని వాదించుకుంటారు. పుస్తకంలో అది బాగానే ఉంటుంది. తెరమీద లేని మనిషిని ఎలా చూపిస్తారు? డైరెక్టరమ్మ నెల రోజులు తల బద్దలు కొట్టుకుని, వెనకనుంచి ఒక కోటు కనిపిస్తే చాలన్నారు. తొడుక్కునేది ఎవరో తర్వాత చూద్దామన్నారు.

"ఎవరికి?" అన్నాడు బావ.

"ఇంకా అనుకోలేదు."

"అనుకోలేదా, నాకు చెప్పొద్దన్నారా?"

అతని భయం నాకు తెలుసు. పదేళ్ల కిందట ఒక నాటకానికి కోటు కుట్టాడు. అది వేసుకున్న నటుడు అచ్చం అప్పటి పెద్ద అధికారిలా ఉన్నాడని గొడవైంది. రాసినవాడు బాగానే ఉన్నాడు, ఆడినవాడూ బాగానే ఉన్నాడు, బావ కొట్టుకు మాత్రం ఆరు నెలలు తాళం పడింది. మళ్లీ తాళం పడితే ఈ వయసులో దాన్ని తీయించుకునే ఓపిక అతనికి లేదు.

"పైనున్నవాళ్లలో ఎవరి పోలికో రావాలని మీ ప్లాను. రేపు ఎవరైనా అడిగితే దర్జీని చూపిస్తారు."

"పోలిక రాకూడదనే కదా బావా కొలతలు ఇవ్వనిది."

"అక్కడే నా అనుమానం. పోలిక వద్దనుకునేవాడు దాని గురించి ఇంత ఆలోచించడు."

ఈ మాట ఆ నవల్లో ఉండాల్సింది. చివరికి పుస్తకం మొత్తం చదివి వినిపిస్తేనే కత్తెర పట్టుకుంటానన్నాడు. వారం రోజులు కొట్టులో కూర్చుని చదివాను. "ఆగు, రెండు పేజీలు ఒకేసారి తిప్పావు," అని వెనక్కి తిప్పించేవాడు. తర్వాత సుద్ద తీసుకుని, తనకు తెలిసిన పెద్దమనుషుల కొలతలన్నీ ఒక్కొక్కటే తలుచుకుని పక్కన పెట్టాడు. ఈ ఛాతీ ఫలానా ఆయనది, వద్దు. ఈ చేతుల పొడవు ఇంకొకాయనది, వద్దు. ఎవరిదీ కాని కోటు ఒకటి తయారైంది.

షూటింగు రోజున దాన్ని నా చేతికి ఇవ్వకుండా తనే మోసుకొచ్చాడు. నలుగురు నటులు వేసి చూశారు. నలుగురికీ కుడి భుజం దగ్గర గుడ్డ ముడతపడింది. బావ ముఖం మాడిపోయింది. డైరెక్టరమ్మ కోటును చూసి, బావను చూసి, "మీరోసారి వేసుకోండి," అన్నారు.

అతికినట్టు సరిపోయింది. ముప్ఫై ఏళ్లు మిషను మీద వంగీ వంగీ బావ కుడి భుజం అరంగుళం వాలింది. అందరి కొలతలూ వద్దనుకున్న చేతులు తమ ఒంటి కొలతే పట్టుకున్నాయి.

"నా పోలికేనా? అయితే భయం లేదు," అన్నాడు బావ. గుండెల మీద బరువు దిగినట్టు నవ్వాడు కూడా.

అతన్నే కుర్చీలో కూర్చోబెట్టారు. వీపు వెనక కెమెరా. "ఎదురుగా వచ్చేవాళ్లని ఒక్కొక్కరినీ చూడండి, చాలు," అన్నారు డైరెక్టరమ్మ. జూనియర్ ఆర్టిస్టులు వరసగా వచ్చి, తల దించుకుని, చెప్పినట్టే పక్కకు వెళ్తున్నారు. అప్పుడే అక్క బావకు భోజనం తెచ్చింది. ఎవరో ఆమెను కూడా ఆర్టిస్టే అనుకుని వరసలోకి తోశారు.

అక్క వచ్చి బావ ముందు నిలబడింది. బావ చూశాడు. రోజూ చూసినట్టే చూశాడు. అక్క క్యారియరు రెండు చేతులా పట్టుకుని, కళ్లు దించుకుంది.

"బస్సు దొరకలేదు. పావుగంట ఆలస్యమైంది. దారిలో ఎవరితోనూ మాట్లాడలేదు."

డైరెక్టరమ్మ నా చెవి దగ్గరికి వంగారు. "ఈ డైలాగు బాగుంది. ఎవరు రాశారు?"

అక్క ఇంటికి వెళ్లినప్పుడల్లా ఈ మాటలు విన్నాను. పాతికేళ్లుగా విని నవ్వాను. ఆ క్షణంలో నా మీద నాకే అసహ్యం వేసింది.

బావ లేచాడు. కోటు విప్పబోతే గుండీ కొత్త కాజాలోంచి రావడం లేదు. అక్క క్యారియరు కింద పెట్టి, దగ్గరికి వెళ్లి, తనే విప్పసాగింది.

"నేనేం అడగలేదు కదే," అన్నాడు బావ మెల్లగా.

"అడిగేదాకా ఎందుకని," అంది అక్క, రెండో గుండీ విప్పుతూ.