మడత విప్పిన చొక్కా

“సొక్కా ముడుసుకుపోనాది. నువ్వే వేన్నీళ్ళలో నానబెట్టీసినావు,” అన్నాడు బావ.

“ఇన్నేళ్ళ నుంచీ సన్నీళ్ళలోనే జాడిస్తన్నాను. ఎప్పుడూ ముడుసుకోనిది ఇయ్యేల ఎందుకు ముడుసుకుంటాది?” అన్నాను నేను.

“అయితే గుండీ ఎందుకు పడదు? నాను ఒళ్ళు సేసినానంటావా?”

ఆ మాటకి నేను జవాబివ్వలేదు. ఇచ్చి ఉంటే గొడవ అక్కడితో తీరిపోయేది. ఊరెళ్ళడానికి వేరే మంచి చొక్కా లేదు కనక మర్నాడు స్కానింగుకి రానని, ఆ సంగతి లక్ష్మికి ఫోన్ చేసి చెప్పమని అనేసి, బావ వీధరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు.

బావ అంటే మా ఇంటాయన. మేనత్త కొడుకు. మనవలు పుట్టినా ఆ పిలుపు మారలేదు. లక్ష్మి మా కూతురు, విజయనగరంలో ఉంటుంది. మాది రామతీర్థం దగ్గర పల్లె. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. ఆసుపత్రిలో చెవిన పడ్డ మాటలు పడ్డట్టే రాస్తున్నాను.

ఏదో తేడాగా ఉందని తెలిసింది వరి నాట్ల రోజుల్లో. ఆకుమడిలో నారు తీస్తూ బావ గట్టు మీద కూలబడ్డాడు. కూలివాళ్ళ కంటే ముందు మడిలో దిగి, వాళ్ళ తరవాత గట్టెక్కే మనిషి. కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల సున్నం కొట్టినట్టుంది. అప్పుడు బయటపెట్టాడు, కొన్నాళ్ళుగా విరేచనం నల్లగా అవుతోందని. మరి చెప్పవేమని అడిగితే, “సోడంబలి తాగినోడికి నల్లగా గాక తెల్లగా అవుతాదేటి?” అన్నాడు. మా వైపు రోజూ చోళ్ళ అంబలి, అంటే రాగి అంబలి, తాగేవాళ్ళం అందరం అలాగే అనుకుంటాం. నేనూ సరే అనుకున్నాను. లక్ష్మి అనుకోలేదు. వచ్చి తీసుకుపోయింది.

విజయనగరంలో రక్తం పరీక్ష చేసి, హిమోగ్లోబిన్ బాగా పడిపోయింది, లోపలెక్కడో బ్లీడింగ్ అవుతోంది అన్నారు. విశాఖలో పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ ఎండోస్కోపీ చేస్తే పొట్టలో గడ్డ కనబడింది. బయాప్సీలో కేన్సర్ అని వచ్చింది. సీటీ స్కాన్‌లో లివర్‌కి పాకలేదన్నారు. ఆపరేషన్ చేసి పొట్ట చాలా వరకు తీసేశారు.

అంతటితో అయిపోయిందనుకున్నాం. తీసిన గడ్డ పరీక్షకి వెళ్ళి రిపోర్టు వచ్చాక డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి వేరే మాట చెప్పారు. ముందు బయాప్సీకి తీసింది చిన్న ముక్క, అందులో ఒక రకమే దొరికింది. గడ్డంతా కోసి చూస్తే రెండు రకాలున్నాయి. ఒకటి మామూలు కేన్సర్, రెండోది హార్మోన్లు చేసే కణాల్లో పుట్టే న్యూరోఎండోక్రైన్ అట. రెండూ ఒకే గడ్డలో కలిసి పెరిగాయి. మిక్స్‌డ్ ట్యూమర్ అంటారట. చాలా అరుదట.

“ఆకుమడిలో ఊద కలిసినట్టేనా బాబూ?” అని అడిగాను. వరినారులో ఊదగడ్డి మొలిస్తే చిన్నప్పుడు రెండూ ఒక్కలాగే కనబడతాయి. ఆయన రైతు బిడ్డే అయి ఉండాలి, వెంటనే తలూపారు.

“అలాగే అనుకోండమ్మా. ఇందులో న్యూరోఎండోక్రైన్ భాగం తొందరగా పెరిగే రకం. ప్రోగ్నోసిస్ ఎక్కువగా దాని మీదే ఉంటుంది.”

ప్రోగ్నోసిస్ అంటే ఏమిటని అడిగాను. ముందు ముందు ఎలా ఉంటుందో చెప్పే అంచనా అన్నారు. ఎన్నాళ్ళుంటాడో చెప్పమన్నాను. లక్ష్మి నా చెయ్యి నొక్కింది. నేను మళ్ళీ అడిగాను. బావ పక్కనే ఉన్నాడు. రోగం ఆయనది, ఆయనకి తెలియకుండా దాచడం నాకు నచ్చదు.

“ఇలాంటివాళ్ళని నేను కొద్దిమందినే చూశాను. ఇన్నాళ్ళు అని లెక్క చెబితే అబద్ధం చెప్పినట్టవుతుంది. కనబడినంతా తీసెయ్యగలిగాం, పాకలేదు, ఆ రెండూ మంచివి. కానీ ఇది తిరిగొచ్చే రకం. కీమో ఇద్దాం. తరవాత స్కాన్‌లు మానకూడదు.”

బస్సులో బావ కిటికీలోంచి చూస్తూ, “మంచి కలుపే పట్టినాది నాకు,” అన్నాడు.

కీమో మొదలయ్యాక జుట్టు రాలిపోయింది. దువ్వెన అరగదు, నీకు ఆదా అని నన్ను దెప్పాడు. మధ్యలో తెల్లకణాలు పడిపోయి జ్వరం వచ్చింది. మందు ఆపి ఆసుపత్రిలో ఉంచారు. ఆ జ్వరంలో మనిషి నాకు దక్కడనుకున్నాను. దక్కాడు. పొట్ట చిన్నదైంది కనక గ్లాసుడు అంబలి ఒక్కసారి దిగదు. చంటిపిల్లకి పట్టినట్టు కొంచెం కొంచెంగా పొద్దంతా ఇచ్చేదాన్ని.

ఒళ్ళు మాత్రం కరిగిపోయింది. చొక్కా దండెం మీద ఆరేసినట్టు వేలాడేది. కత్తిరించి చిన్నది చేసెయ్యమన్నాడు. “నానింక ఒళ్ళు సేస్తానేటి? ఆ గుడ్డ నీ సంచీకైనా పనికొస్తాది,” అన్నాడు. నేను గుడ్డముక్క పారెయ్యని దాన్నే, అయినా కత్తెర పెట్టలేదు. ఎదిగే పిల్లల గౌనుకి గుడ్డ లోపలికి మడిచి కుట్టిస్తాం కదా, అలా రెండు పక్కలా, చేతుల దగ్గరా మడత పెట్టి దూరం దూరంగా కుట్టేశాను.

కీమో అయిపోయిన కొన్నాళ్ళకి, స్కానింగు ముందు రోజు, ఆ చొక్కాకే గుండీ పడలేదు.

నేనెందుకు నోరు మెదపలేదో చెబుతాను. ఒళ్ళు చేశావని మా ఇళ్ళలో మనిషి మొహం మీద అనం, దిష్టి కొడుతుందని. అది ఒకటి. రెండోది, కడుపులో నీరు చేరినా పొట్ట పెరుగుతుందని నర్సు ఒకసారి చెప్పింది. చొక్కా బిగిసింది ఒంటికో, నీటికో నాకు తెలియదు. తెలియని సంగతి ఎలా అనను?

అంబలి గ్లాసు పట్టుకుని అరుగు మీదికి వెళ్ళాను. “అవును, నానే కుదించీసినాను. పొద్దున్నకి బాగుసేస్తాను,” అన్నాను.

బావ గ్లాసు అందుకోకుండా నా వైపు చూశాడు. “నువ్వు తప్పు ఒప్పుకున్నావంటే నా రోగం ముదిరినట్టే.”

నేను గ్లాసు చాపే నిలబడ్డాను. ఆయనే, “మళ్ళీ వచ్చిందంటే?” అన్నాడు. చొక్కా వంక దేనికో అప్పుడు బయటపడింది.

“వస్తే వచ్చినాది. సూడకపోతే పోతాదేటి బావా?”

గ్లాసు తీసుకున్నాడు.

ఆ స్కాన్‌లో కొత్తగా ఏమీ లేదు. ఇప్పుడు పొలానికి వెళ్తున్నాడు, మడిలో దిగడు, గట్టు మీద కూర్చుని అందరికీ పని చెబుతాడు. మళ్ళీ స్కాన్ ఉంది. దాని తరవాతా ఉంటుంది. అంచనా ఎవరూ చెప్పలేదు, నేనూ అడగడం మానేశాను. చదివేవాళ్ళకి ఒక్కటే చెబుతాను. విరేచనం తారులా నల్లగా అయితే అంబలి మీద నెట్టెయ్యకండి. ఆ రోజే డాక్టరుకి చూపించుకోండి.

ఆ చొక్కా గొడవ మర్నాడు తెల్లారుతూనే గుమ్మంలో వెలుగుకి కూర్చుని మడతలు విప్పాను. చొక్కా సరిపోయింది. మొదటి బస్సుకి వెళ్ళాం. కడుపులో నీరు చేరిందేమోనని నేనడిగితే, డాక్టరుగారు బావని పడుకోబెట్టి కడుపంతా తట్టి చూసి, “నీరేం లేదమ్మా, ఇది ఒళ్ళే,” అన్నారు. బావ తల తిప్పి నా మొహం చూశాడు. నేను గోడ వైపు చూశాను. తరవాత స్కానింగుకి లోపలికి పిలిచారు. ఆయన చొక్కా విప్పి నా చేతికిచ్చి వెళ్ళాడు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చొక్కా అంతా వెలిసిపోయింది. మడత విప్పిన చోట మాత్రం రంగు కొన్ననాటిలాగే ఉంది.